ఈశాన్యంలో బోరు, పక్కింటి వాయవ్యంలో గుంత

పల్లెలో ఇల్లు కట్టేవాళ్లు చాలామంది మొదట చేయించే పని బోరు. పునాదికి నీళ్లు కావాలి, గోడలు తడపాలి, ట్యాంకర్లు తెప్పించుకుంటూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని ముగ్గు పోయకముందే బోరు బండి వచ్చి నిలబడుతుంది. సెప్టిక్ ట్యాంకు మాట ఎత్తేది అన్నీ అయ్యాక. రంగులు కూడా పడి, గృహప్రవేశానికి ముహూర్తం కుదిరి, చేతిలో డబ్బు అడుగంటిన వేళ, ఏ మూల ఖాళీగా మిగిలితే ఆ మూల గుంత తవ్వుతారు. రెండు పనులకూ మధ్య నెలలు గడిచిపోతాయి. బోరు వేసినవాడు గుంత తవ్వేవాణ్ని చూసి ఉండడు. మేస్త్రీకి బోరు కేసింగ్ ఎన్ని అడుగులో తెలియదు. ఒకటి నేలలోంచి నీళ్లు తీసేది, ఇంకొకటి అదే నేలలోకి నీళ్లు వదిలేది. ఈ రెంటినీ ముందే ఒకే కాగితం మీద గీసుకున్న ఇళ్లు బహు అరుదు. ఇల్లు ఎంత బాగా కట్టినా, ఆ కాగితం లేకపోతే తాగే నీళ్ల విషయంలో అదృష్టం మీద ఆధారపడినట్టే.

బోరు ఎక్కడ వేయాలంటే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: ఈశాన్యం. సెప్టిక్ ట్యాంకుకు ఎక్కువమంది చూపేది వాయవ్యం. నైరుతిలో గొయ్యి తవ్వకూడదన్న మాట మాత్రం అందరిదీ. వాస్తును నమ్మాలా వద్దా అన్న చర్చ ఇక్కడ అక్కర్లేదు. పాటించేవాళ్లు ఎక్కువ కాబట్టి, పాటిస్తే నేల కింద ఏం జరుగుతుందో చూద్దాం. ఉత్తరం రోడ్డున్న 200 గజాల స్థలం తీసుకుందాం. వెడల్పు 36 అడుగులు, లోతు 50 అడుగులు. ఈశాన్యం నుంచి వాయవ్యానికి 36 అడుగులు, అంటే 11 మీటర్లు. సెప్టిక్ ట్యాంకు నిర్మాణానికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన నియమావళి, ఐఎస్ 2470, ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు ఇంకే గుంతకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, దాదాపు 60 అడుగులు, ఉండాలంటుంది. ఇంటి గోడకైతే 6 మీటర్లు. మన స్థలంలో 60 అడుగుల దూరం దొరికేది మూల నుంచి మూలకే. ఈశాన్యానికి ఎదురు మూల నైరుతి. అక్కడ గొయ్యి పనికిరాదన్నారు కదా.

అసలు చిక్కు ఇంతకంటే పెద్దది. మన ఈశాన్యం మూల తూర్పు పక్కింటివాళ్లకు వాయవ్యం మూల. వరసలో ఉన్న ఇళ్లన్నీ వాస్తును తు.చ. తప్పకుండా పాటిస్తే ప్రతి ఇంటి బోరుకూ పక్కింటి సెప్టిక్ గుంతకూ మధ్య మిగిలేది ఒక్క ప్రహరీ గోడ. ఎవరింట్లో వాళ్లు చూసుకుంటే అంతా సవ్యంగానే ఉంటుంది. గోడ అవతల ఏముందో చూడరు. కొత్త వెంచర్లలో, ఊరి చివర ప్లాట్లలో ఇది కళ్లారా కనిపిస్తుంది. ఇల్లు కట్టబోయేవాళ్లు తమ స్థలంతోపాటు నాలుగు పక్కల ఇళ్ల బోర్లనూ గుంతలనూ ఆ కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. పక్క స్థలం ఖాళీగా ఉంటే రేపు అక్కడ ఇల్లు లేస్తుందని, ఆ ఇంటి గుంత ఎక్కడొస్తుందో ఊహించి గీయాలి.

18 మీటర్లన్న లెక్క ఎక్కడిది? నేలలో సూక్ష్మజీవులు ఎక్కువ దూరం ప్రయాణించలేవన్న అనుభవం మీద నిలబడింది అది. సన్నని ఇసుకా మట్టీ కలిసిన నేలలో, తడి పూర్తిగా నిండని పొరలో, నీళ్లు నిదానంగా జారుతుంటే సూక్ష్మజీవులు మట్టి రేణువులకు అతుక్కుని చచ్చిపోతాయి. అందుకే నీళ్లు తక్కువగా పోసే చిన్న మరుగుదొడ్ల గుంతలకు ఇంకా సడలించిన నియమం ఉంది. గుంత అడుగుకూ వానాకాలపు భూగర్భ జలమట్టానికీ మధ్య 2 మీటర్ల పొడి మట్టి ఉండి, నేల సన్నని రేణువులదైతే 3 మీటర్ల దూరం చాలంటారు. జలమట్టం అంతకంటే పైకొస్తే 10 మీటర్లు. ఈ అంకెలన్నీ మట్టి గురించి చెప్పినవి. రాతి పగులులో మట్టి లేదు. పగులులోకి దిగిన నీళ్లు వడకట్టుకోకుండా, నిలవకుండా పోతాయి. అక్కడ 18 మీటర్లకు పెద్ద అర్థం లేదు.

తెలంగాణలో, రాయలసీమలో చాలా భాగం కింద ఉన్నది గ్రానైటు, నైసు రాయి. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం ప్రాంతంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి ఏళ్లపాటు చేసిన పరిశోధన ఈ రాతి నేలల స్వరూపాన్ని బాగా విప్పి చూపింది. పైన రాయి చివికి మెత్తబడిన పొర. దాని కింద పగుళ్లు నిండిన పొర. ఆ కింద గట్టి రాయి. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు పలచబడతాయి. బోరుకు నీళ్లిచ్చేది ముఖ్యంగా ఆ మధ్య పొర. సెప్టిక్ గుంత తవ్వేది దాని నెత్తిన.

‘గుంత పదడుగులు, బోరు మూడొందల అడుగులు, పై నీళ్లు అంత కిందికి ఎట్లా పోతాయి?’ అని అడుగుతారు. మంచి ప్రశ్నే. మూడొందల అడుగుల బోరులో కేసింగ్ నలభై, యాభై అడుగులే ఉంటుంది. దాని కింద అంతా రాతి గోడ, నీళ్లు వచ్చే మొదటి పగులు కేసింగ్ అంచు దిగువనే ఉండొచ్చు. మోటారు వేసినప్పుడు బోరులో మట్టం పడిపోతుంది, చుట్టుపక్కల నీళ్లన్నీ బోరు వైపు మళ్లుతాయి. ఎటో పోవాల్సిన గుంత నీళ్లు కూడా ఇటే వస్తాయి. ఇంకొక దారి ఉంది, అది ఇంతకంటే దగ్గరి దారి. అది తెలియాలంటే బోరు వేసే పని దగ్గర నిలబడి చూడాలి.

బండి తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చినదైనా, మన జిల్లాదైనా పద్ధతి ఒకటే. మొదట పెద్ద బిట్టుతో మెత్తని పొర దాటి రాయి తగిలేదాకా దించుతారు. అక్కడిదాకా కేసింగ్ పైపు నిలబెడతారు. తర్వాత ఆరున్నర అంగుళాల బిట్టు పైపులోంచి దిగి రాతిని పొడిచేసుకుంటూ పోతుంది. మొదట ఎర్రమట్టి, తర్వాత మొరం, ఆపైన బూడిద రంగు రాతిపొడి బయటికొస్తాయి. రాడ్డు దిగినప్పుడల్లా పనివాడు పారతో ఇంత పొడి తీసి వరసగా కుప్పలు పెడతాడు. పొడి ముద్దకట్టి వస్తే చెమ్మ తగిలినట్టు. బురద నీళ్లు ఎగజిమ్మితే ‘గ్యాప్’ పడినట్టు. ఇంటివాళ్లందరి చూపూ ఆ చిమ్మే నీళ్ల మీదే ఉంటుంది. ఆ సమయంలో ఒకరు పక్కకొచ్చి కేసింగ్ ఎన్ని అడుగులు దిగింది, రాతిలోకి ఎంత దిగింది, మొదటి గ్యాప్ ఎన్నో రాడ్డులో తగిలింది, చివరిది ఎక్కడ అని రాసుకోవాలి. కుప్పలకు ఫోటో తీసుకోవాలి. గుంత ఎక్కడ, ఎంత లోతు తవ్వాలో తర్వాత మేస్త్రీకి చెప్పేది ఆ కాగితమే.

కేసింగుకు అడుగుకింత అని విడిగా రేటు ఉంటుంది. దాంతో ‘చాలు, ఇక రాయి వచ్చేసింది కదా’ అని పైపు తగ్గించుకునేవాళ్లు ఎక్కువ. పదడుగుల పైపు మిగిల్చుకుని, ఆ పదడుగుల్లోంచి వచ్చే పై నీళ్లను జీవితాంతం తాగుతారు. ఇక రెండో తప్పు. పెద్ద బిట్టు చేసిన రంధ్రానికీ కేసింగ్ పైపుకూ మధ్య చుట్టూ సందు మిగులుతుంది. మన దగ్గర ఆ సందులోకి బోరు పొడినే కాలితో తోసేసి బండి కదిలిపోతుంది. వానొస్తే వాకిట్లో నీళ్లు, పక్క గుంతలోంచి ఊరిన నీళ్లు పైపు వెంబడే జారి నేరుగా మొదటి పగులు దగ్గరికి చేరతాయి. ఆ సందును పైనుంచి కనీసం ఇరవై అడుగుల మేర సిమెంటు గ్రౌటుతోనో, బంకమన్నుతోనో గట్టిగా మూయించాలి. కొన్ని బస్తాల సిమెంటుతో అయ్యే పని ఇది. బోరు ఖర్చు మొత్తంలో ఇంత తక్కువతో ఇంత రక్షణ ఇచ్చేది మరొకటి లేదు. చేయించుకునేవాళ్లు మాత్రం అరుదు. బండివాడితో అడుగు రేటు మాట్లాడుకునేటప్పుడే ఈ మాట కూడా ఖాయం చేసుకోవాలి. బండి కదిలాక ఎవరూ రారు.

కేసింగ్ చుట్టూ గట్టు కూడా కట్టాలి. పసిపిల్లలు బోరు గుంతల్లో పడిపోతున్న ఘటనల మీద సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ గట్టు కొలత ఉంది. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, నేలకు పైన 30 సెంటీమీటర్లు, కింద 30 సెంటీమీటర్లు సిమెంటు దిమ్మె. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు తెలపాలని, పైపు నోటికి మూత బిగించాలని, వదిలేసిన బోరును పూడ్చాలని కూడా అందులో ఉంది. అయినా 2017లో చేవెళ్ల మండలంలో ఒక పసిపాప మూత లేని బోరులో పడి చనిపోయింది. నీళ్లు పడలేదని వదిలేసిన బోరు పిల్లలకు ఎంత ప్రమాదమో భూగర్భ జలానికీ అంతే ప్రమాదం. పై మురుగు అడ్డంకి లేకుండా లోతుకు దిగే గొట్టం అది. కొందరు తెలిసే అటువంటి బోరులోకి బాత్రూం నీళ్లు వదులుతారు. ఊరి నీళ్లకు ఇంతకంటే అపకారం ఇంకొకటి ఉండదు.

ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి. ప్రభుత్వ తాగునీటి బోరుకో బావికో 250 మీటర్ల లోపల ఇంకో బోరు వేయడం మీద ఆంక్షలున్నాయి. బోరు బండ్లు కూడా నమోదు చేయించుకోవాలి. ఎంతమంది పాటిస్తున్నారన్నది పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

నీళ్లు ఎక్కడ పడతాయన్నది ఇంకో పెద్ద ముచ్చట. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని, వేప పంగల కర్ర పట్టుకుని స్థలమంతా తిరిగే పెద్దమనుషులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. వరాహమిహిరుడి బృహత్సంహితలో దకార్గళమని ఒక అధ్యాయమే ఉంది. చెట్లనూ పుట్టలనూ చూసి నేలలో నీటి జాడ చెప్పే ప్రయత్నం అది. చెట్టూ పుట్టా చూడటంలో కొంత పరిశీలన ఉంది. కొబ్బరికాయ లేవడంలో నాకు అది కనిపించలేదు. నేలలోకి కరెంటు పంపి పొరల నిరోధాన్ని కొలిచే పరీక్షకు అయ్యే ఖర్చు, ఎండిన బోరు ఒకదానికి అయ్యే ఖర్చు ముందు చాలా తక్కువ. అదీ నూటికి నూరుపాళ్లు నిజమవ్వాలని లేదు. పైపొర ఎంత మందమో మాత్రం బాగా చెబుతుంది, కేసింగ్ లెక్కకు అది చాలు.

ఇంటికి ఎన్ని నీళ్లు కావాలో లెక్క వేసుకుంటే సగం ఆందోళన తగ్గుతుంది. ఐదుగురున్న ఇంట్లో మనిషికి రోజుకు 100 లీటర్లు అనుకున్నా 500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లిచ్చే బోరు గంటలో 600 లీటర్లిస్తుంది. రైతు ‘ఫెయిలైంది’ అని వదిలేసే బోరు ఇంటికి ఎక్కువే. పైగా ఆరున్నర అంగుళాల బోరులో 100 మీటర్ల మేర నీళ్లు నిలిస్తే ఆ గొట్టంలోనే రెండు వేల లీటర్లకు పైగా నిల్వ ఉంటాయి. రెండించుల నీళ్లు పడాలని ఇంటి బోరును ఎనిమిది వందల అడుగులకు దించేవాళ్లు డబ్బునూ, నీటి నాణ్యతనూ రెంటినీ పోగొట్టుకుంటున్నారు.

నాణ్యత అని ఎందుకంటున్నానంటే, రాతి నేలల్లో లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాతితో ఎక్కువ కాలం కలిసి ఉంటాయి, రాతిలోని ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. మన దేశంలో నీటి ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోయే జబ్బును మొదట వైద్య పత్రికలకు ఎక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి ప్రాంతాల నుంచి. అవి తర్వాత ప్రకాశం జిల్లాలో చేరాయి. ఆపైన నల్గొండ పేరు ఈ జబ్బుకు మారుపేరైపోయింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తగ్గించే ‘నల్గొండ పద్ధతి’ని నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగు పరిశోధన సంస్థ (నీరి) తయారు చేసింది. తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. లోతుగా పోతే ఇది భయం. పైపైన నీళ్లు తీసుకుంటే ఇంకో భయం: నైట్రేటు. అది మలమూత్రాల నుంచీ యూరియా నుంచీ వస్తుంది. దాని హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు, సడలింపు లేదు. ఎక్కువైతే సీసా పాలు తాగే పసిబిడ్డల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలమవుతుంది. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి గానీ నైట్రేటు పోదు; నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఈ రెండు భయాల మధ్య నిలబడి లోతు నిర్ణయించుకోవాలి. అందుకే పైభాగం గట్టిగా మూసిన మధ్యరకం లోతు బోరే ఇంటికి మేలని నా అభిప్రాయం.

నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయంటే మంచివని కాదు. ఫ్లోరైడుకూ నైట్రేటుకూ రంగు లేదు, వాసన లేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో ఒక్కసారి పరీక్ష చేయిస్తే రెండూ తేలిపోతాయి. మలం కలిసిందా లేదా తెలుసుకోవడానికి చిన్న సీసా పరీక్ష ఉంది. మందు పూసిన కాగితం ఉన్న సీసాలో నీళ్లు పోసి మూత పెట్టి ఒకట్రెండు రోజులు వెచ్చని చోట ఉంచుతారు. నీళ్లు నల్లగా మారితే ఆ బోరులోకి గుంత నీళ్లు వస్తున్నాయని అనుమానించాలి. ఈ పరీక్ష ఎండాకాలంలో చేసి ఊరుకోకూడదు. రెండు మంచి వానలు పడ్డాక చేయాలి. అప్పుడే జలమట్టం పైకొచ్చి గుంత అడుగును తాకుతుంది.

ఇక సెప్టిక్ ట్యాంకు. మన పల్లెల్లో ఆ పేరుతో పిలుస్తున్న వాటిలో చాలావాటికి అడుగే లేదు. పది, పదిహేను అడుగుల గొయ్యి తవ్వి, సిమెంటు వరలు ఒకదాని మీద ఒకటి దించి, పైన బిళ్ల వేసి మూస్తారు. అడుగు మట్టే. వరల సందుల్లోంచి నీళ్లు ఊరిపోతాయి. ‘మా ట్యాంకు కట్టి పన్నెండేళ్లయింది సార్, ఒక్కసారి కూడా తీయించలేదు’ అని గొప్పగా చెబుతారు. నిండలేదంటే లోపల పడ్డదంతా నేలలోకి పోతోందని. ఎంత లోతు తవ్వితే అంత మేలన్న నమ్మకం వల్ల గుంత అడుగు జలమట్టానికి ఇంకా దగ్గరవుతుంది. లోతైన వరల గుంతే అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు. చాలా ఊళ్లలో అదే వాడుకలో ఉంది.

అసలు ట్యాంకు చిన్నది. ఐదుగురికి ప్రమాణాల ప్రకారం కావలసింది 1.5 మీటర్ల పొడవు, 0.75 మీటర్ల వెడల్పు, 1 మీటరు నీటి లోతు. పైన కొంత ఖాళీ. అంటే ఐదడుగులకు రెండున్నర అడుగుల పెట్టె. చుట్టాలొచ్చే ఇల్లని కొంచెం పెంచుకోవచ్చు, పదడుగులకు పదడుగులు అక్కర్లేదు. పెద్దది ఒకటి కట్టి అడుగు వదిలేయడం కన్నా చిన్నది కట్టి అడుగు కాంక్రీటు వేసి, లోపల నున్నగా ప్లాస్టరింగ్ చేయడానికి ఆ డబ్బు పెట్టాలి. మధ్యలో అడ్డుగోడ, మొదటి అర రెండోదానికి రెట్టింపు. లోపలికొచ్చే పైపుకూ బయటికి పోయే పైపుకూ ‘టీ’ ముక్కలు, తేలే తెట్టు బయటికి పోకుండా. కట్టాక నిండా నీళ్లు పోసి ఒక రోజు ఉంచి మట్టం తగ్గిందా అని చూడాలి. తగ్గితే మేస్త్రీకి డబ్బులిచ్చే ముందు మళ్లీ ప్లాస్టరింగ్ చేయించాలి. గాలి గొట్టం నోటికి దోమల వల కట్టాలి. ఫైలేరియా మోసే క్యూలెక్స్ దోమలు పెరిగే చోటు ఇదే. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు ఇందులోకి రాకూడదు. వాటిని పెరట్లో అరటి మొదళ్లకో వేరే ఇంకుడు గుంతకో మళ్లించాలి.

ట్యాంకులోంచి బయటికొచ్చే నీళ్లు శుభ్రమైనవని అనుకోవడం ఇంకో పొరపాటు. గట్టి పదార్థం అడుగుకు దిగుతుంది, సూక్ష్మజీవులు దాదాపు అలాగే ఉంటాయి. వాటిని చంపాల్సింది తర్వాత వచ్చే మట్టి. ఆ పైపును రోడ్డు పక్క సైడు కాలువలోకి వదిలితే ఆ మురుగు ఊరంతా పారి చెరువులో చేరుతుంది. అందుకే ఇంకుడు గుంత కావాలి, దానికి నేల ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. గుంత వచ్చే చోట అనుకున్న లోతుకు ఒక జానెడు వెడల్పు రంధ్రం తవ్వి, పక్కలు గీకి, అడుగున రెండంగుళాల కంకర వేసి, నీళ్లు నింపి రాత్రంతా నానబెట్టాలి. మరునాడు కంకర పైన ఆరంగుళాల నీళ్లు పోసి మట్టం ఒక అంగుళం పడటానికి ఎంతసేపు పడుతుందో గడియారం చూడాలి. అరగంట లోపైతే ఇంకుడు గుంత పనికొస్తుంది. అరగంట నుంచి గంటైతే లోతు తక్కువ పొడవాటి కందకాలు తవ్వి చిల్లుల పైపులు పరచాలి. గంట దాటితే ఆ నేల నీళ్లు తీసుకోదు, పైన కంకర వడపోత కట్టాల్సిందే. ఎర్ర చెలకల్లో ఈ పరీక్ష సులువుగా నెగ్గుతుంది. నల్లరేగడిలో సాధారణంగా నెగ్గదు. వేసవిలో నెర్రెలిచ్చి నీళ్లు మింగినట్టు కనిపిస్తుంది, అందుకే నానబెట్టకుండా కొలిస్తే మోసపోతాం.

తక్కువ డబ్బుతో, చిన్న స్థలంలో, ఎర్ర నేలల్లో సెప్టిక్ ట్యాంకు కన్నా మేలైంది జంట గుంతల మరుగుదొడ్డి. మీటరు లోతు, మీటరు వెడల్పు గుంతలు రెండు, ఇటుకల మధ్య సందులతో కడతారు. రెంటికీ మధ్య కనీసం మీటరు ఎడం. ముందు చిన్న తొట్టిలోంచి ఒకసారి ఒక గుంతకే పోయేలా రెండోదానికి బిరడా పెడతారు. మొదటిది నిండాక రెండోదానికి మార్చి, మొదటిదాన్ని ఏడాదిన్నర, రెండేళ్లు వదిలేస్తే లోపలిది వాసన లేని నల్లని ఎరువవుతుంది. 2017 ఫిబ్రవరిలో వరంగల్ జిల్లా గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ గుంతలోకి దిగి తన చేతులతోనే ఆ ఎరువు తీశారు. అందులో అంటరానిదేమీ లేదని చూపడానికి చేసిన పని అది, చేయదగిన పని. నిర్మాణంలో మాత్రం తరచూ ఒక తప్పు దొర్లుతోంది. రెండు గుంతలూ కట్టి, బిరడా పెట్టకుండా రెంటికీ ఒకేసారి వదిలేస్తారు. అప్పుడు ఏదీ ఎరువు కాదు, రెండూ ఒక్కసారే నిండుతాయి. కట్టిన మేస్త్రీ ఇంటివాళ్లను పిలిచి బిరడా తీసి పెట్టి చూపితే చాలు.

డెల్టాలో కథ వేరు. కోనసీమలో, కృష్ణా చివరి భూముల్లో వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీళ్లు. అక్కడ రాతి బోరు లేదు, ఇసుక పొరలో ఫిల్టర్ పాయింటు దించుతారు. తియ్యని నీళ్లు ఉప్పునీళ్ల మీద పలచగా నిలిచి ఉంటాయి. లోతుకు దించినా, ఎక్కువ తోడినా ఉప్పు పైకొస్తుంది. ఆ నీళ్లలోకే గుంత దిగితే వడపోతకు మట్టి ఎక్కడ మిగిలింది? జలమట్టం 1.8 మీటర్ల లోపలుంటే ఇంకుడు ఏర్పాటును నేల పైకి లేపి, ఇసుకా మట్టీ పోసిన దిబ్బలో పెట్టమంటాయి ప్రమాణాలు. ట్యాంకును కూడా ఎత్తులో కట్టాలి. ఖాళీ చేసిన ట్యాంకు వానాకాలం చుట్టూ నీళ్లెక్కి పైకి తేలి పగులుతుంది కూడా. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు లంక గ్రామాల్లోకి నీళ్లు వచ్చాయి. అటువంటి ఊళ్లలో బోరు మూతి, ట్యాంకు మూత రెండూ వరద గుర్తుకు పైన ఉండాలి. తాగడానికి మాత్రం ఈ నేలల్లో కాలువ చెరువుల నుంచి శుద్ధి చేసి వచ్చే కుళాయి నీళ్లే దిక్కు. ఇంటి పాయింటు నీళ్లు వాడకానికే.

తెలంగాణలోనూ 2016లో మొదలైన ఇంటింటి కుళాయి పథకం మిషన్ భగీరథ వచ్చాక ఈ విభజన వీలైంది. చిన్న ప్లాటులో 18 మీటర్లు దొరకని ఇంటికి నేను చెప్పేది ఇదే. బోరు నీళ్లు ఒళ్లు కడుక్కోవడానికి, మొక్కలకు. తాగడానికీ వంటకూ కుళాయి. ఇంకో దారి కూడా ఉంది, కష్టమైనదే. నాలుగిళ్లు కలిసి మధ్య మూలలో ఒక్క బోరు వేసుకుని, గుంతలన్నీ బయటి మూలలకు నెట్టడం. కరెంటు బిల్లు, మోటారు కాలిపోతే ఎవరిదన్న పంచాయితీ తప్పవు. అయినా నాలుగు బోర్ల ఖర్చు ఒక్కదానికి దిగుతుంది, నాలుగు కేసింగుల చోట ఒక్కదాన్ని బాగా మూయించుకోవచ్చు. అన్నదమ్ముల ఇళ్ల దగ్గరైనా ఇది ప్రయత్నించాలి.

ట్యాంకు కట్టేటప్పుడు దాన్ని ఖాళీ చేసే రోజును కూడా తలుచుకోవాలి. రెండు, మూడేళ్లకోసారి తీయించాల్సిందే. లారీ పైపు అందేంత దగ్గర్లో, మూత తీయడానికి వీలుగా ఉండాలి. వంటింటి గచ్చు కింద కట్టి టైల్స్ వేసిన ట్యాంకును చివరికి మనిషి దిగే తీయాల్సి వస్తుంది. లోపల హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను ఉంటాయి. దిగినవాడు నిమిషాల్లో కూలిపోతాడు, కాపాడబోయినవాడూ కూలిపోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 నాటి పాకీ పని నిషేధ చట్టం ప్రకారం నేరం. ఆ చావులకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకు పెంచింది. కోలారు బంగారు గనుల ఊళ్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పని చేయించడానికి వ్యతిరేకంగానే జీవితమంతా పోరాడి 2016లో మెగసెసే అవార్డు అందుకున్నారు. మూత ఎక్కడ పెడుతున్నామన్న చిన్న నిర్ణయంలో ఒక మనిషి ప్రాణం ఉంది. లారీ వాడు ఆ మురుగును ఎక్కడ పోస్తాడో అడగడం కూడా ఇంటివాళ్ల పనే. వరంగల్, నర్సాపురం లాంటి చోట్ల దాన్ని శుద్ధి చేసే కేంద్రాలున్నాయి. లేనిచోట ఏ వాగులోనో, పొలం గట్టునో పోస్తున్నారు.

ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్ల మాట. గుంతనూ బోరునూ కదపలేం కాబట్టి చేయగలిగినవి చేసుకోవాలి. కేసింగ్ చుట్టూ నాలుగడుగుల గొయ్యి తీసి, సందులోని వదులు పొడి తీయగలిగినంత తీసి, సిమెంటుతో మూసి దిమ్మె కట్టించాలి. బోరు దగ్గర అంట్లు తోమడం, గేదెల్ని కట్టేయడం మానాలి. వరల గుంత లోతుగా ఉంటే ఒకసారి ఖాళీ చేయించి, అడుగు భాగాన్ని ఇసుకతో పైకి లేపి, ముందు ఒక చిన్న నిజమైన ట్యాంకు కట్టి, ఈ పాత గుంతను ఇంకుడు గుంతగా వాడుకోవచ్చు. ఇంట్లో పసిబిడ్డో గర్భిణో ఉంటే ఇవన్నీ అయ్యేదాకా ఆగకుండా, బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి రేపే ప్రయోగశాలకు ఇచ్చి, ఫలితం వచ్చేదాకా తాగే నీళ్లు కుళాయి నుంచే తెచ్చుకోవాలి.